మూడు ఫిల్సుల ఏమో

కువైట్‌లో, మిర్గాబ్‌లో, లిఫ్టు కదలని ఓ భవనం.
నేలకింది అంతస్తులో అబూ నాసర్ గది.
గదికి అడ్డంగా ఒక కౌంటరు.
అవతల ఆయన, ఇవతల ఎవరైనా.
టీ గ్లాసులతో నేనొక్కణ్ణే రెండు పక్కలా తిరిగేవాణ్ణి.

పెద్ద మార్కెట్లో అంకెలు
ఎర్రగా పచ్చగా పరిగెత్తుతాయంట.
ఇక్కడ పెన్సిలుతో రాస్తారు,
రబ్బరుతో తుడుస్తారు.
ఒక పొద్దు ఆ పట్టీలో తెలిసిన పేరు కనబడింది:
అల్ నౌరస్ కోల్డ్ స్టోరేజీ.
షేరు మూడు ఫిల్సులు.

గ్లాసు జారబోయింది.
నేను అందులో చేసినోణ్ణే.
గడ్డకట్టిన చేపల పెట్టెలు
తొమ్మిదేళ్లు ఈ భుజం మీదనే ఎక్కి దిగినాయి.
ఆగస్టులో మోటార్లు ఆగిపోతే
మూడు వీధులు ముక్కు మూసుకున్నాయి.
కోర్టువాళ్లొచ్చి తలుపుకి లక్క ముద్ర కొట్టినారు.
"జబ్బు మనిషికి సూదన్నా ఏస్తారు గదరా,
దీనికి సీలేసినారు" అన్నాడు ఓబులేసు.
అది జరిగి ఆరేళ్లు.

"సచ్చిపోయినదాన్ని ఎట్ల అమ్ముతావు చాచా?"

అబూ నాసర్ కళ్లజోడు నుదుటి మీదికి తోసినాడు.
"చచ్చిందని ఎవరన్నారు?
పెద్ద మార్కెట్టు గెంటేసింది, అంతే.
రిజిస్టర్లో పేరు అట్లే ఉంది.
లెక్కలు తేల్చే ఆయన ఇంకా తేలుస్తానే ఉన్నాడు,
వాయిదా మళ్లా రంజాన్ తర్వాతకి పడింది.
షువైఖ్‌లో ఓ జాగా మీద తగువుంది.
గెలిస్తే డబ్బొస్తుంది.
కోర్టు తినగా, బ్యాంకు తినగా,
మీలాంటి కూలోళ్లు తినగా,
అడుగంటింది షేరున్నోడికి."

"అడుగు మిగులుతుందా?"
"మిగలదు."
"మరి కొనేదెవరు?"
ఆయన నవ్వలేదు. పెన్సిలు చెక్కుకుంటా కూచున్నాడు.

మా రాయచోటి దిక్కు ఒక మాటుంది,
ఏమో, గుర్రం ఎగరావచ్చు అని.
నాకొచ్చిన అరబ్బీలో చెప్పినాను.
ఆయన చాలాసేపు ఆలోచించి
"గుర్రం ఎగరక్కర్లేదు దస్తగిరీ,
ఎగురుతుందేమో అనుకునేవాడు
నా తర్వాత ఇంకొకడు ఈ మెట్లు దిగితే చాలు.
నేను కంపెనీని అమ్మడం లేదు.
ఏమో అనేదాన్ని అమ్ముతున్నా.
దాని రేటు మూడు ఫిల్సులు."

అప్పుడు తీసినాను
జోబులో చెమటకి నాని ఆరి, నాని ఆరి
అప్పడంలాగైన కాగితం.
పదకొండు నెలల జీతం బాకీ, వరస నంబరు నాలుగొందల పద్దెనిమిది,
కోర్టు ముద్రతో సహా.
"వరసలో నేను షేరోళ్లకంటే ముందుండాను గదా.
దీన్ని ఎంతకి కొంటావు?"

కాగితాన్ని దీపానికెత్తి చూసినాడు,
ఎంత మెల్లగా మడిచి ఇచ్చినాడంటే
నాకు జవాబు తెలిసిపోయింది.
"దీని మీద నీ పేరుంది.
దాని మీద ఎవరి పేరైనా రాసుకోవచ్చు."

ఆ సాయంత్రం ఒక ముసలాయన మెట్లు దిగొచ్చి
నూరు షేర్ల పత్రం కౌంటరు మీద పెట్టినాడు.
వెనక సంతకముంది, కొనేవాడి చోటు ఖాళీ.
ముందర నీలం సిరాతో సముద్రపు కొంగ,
రెక్కలు చాపి.
నూరు మూళ్లు మున్నూరు. మూడు టీల డబ్బు.
నా ఈనాములోంచి నేనే ఇచ్చినాను.
పేరు మార్పించడానికి అయిదు దినార్లంట.
మార్పించలేదు.

రాత్రి గదిలో బల్ల మంచం మీద కూచుని
ఓబులేసుకి చూపించినాను.
వాడు కొంగను అటు తిప్పి ఇటు తిప్పి
"అంటే ఇప్పుడు నువ్వు ఓనరా?" అన్నాడు.
నూరు షేర్ల మేర, అన్నాను.
"అయితే నా పదమూడు నెలల జీతం
ఎప్పుడిస్తావురా నా కొడకా?"

గదంతా నవ్వింది. నేనూ నవ్వినాను.
దీపాలార్పినాక లెక్కేసుకున్నాను,
నా జీతం ఎగ్గొట్టినోళ్లలో నేనూ ఒకణ్ణి.
నాకు నేను ఎంత బాకీనో
పెన్సిలు లేక తేలలేదు.

రేపు అబూ నాసర్ని అడగాల,
నాలుగు ఫిల్సులకి ఎవరన్నా వస్తారేమో.