కుర్చీలు

పీతల ఫ్యాక్టరీ తలుపు మీద
'మనుషులు కావాలి' కాగితానికి
మూడో ఏడు నడుస్తోంది.
ఎర్ర సిరా ఎండకు వెలిసి,
పోయిన చలికాలం తడికి
'కావాలి' చెరిగిపోయి
'మనుషులు' మాత్రం మిగిలింది.
అంటించింది నేనే. తీసెయ్యమని ఎవరూ అనలేదు.

బార్నబీ కోవ్, న్యూఫౌండ్‌లాండ్ ఉత్తర తీరం.
నేనిక్కడ జీతాల లెక్కలు రాస్తాను.
నా జాబితాలో నూట నాలుగు పేర్లు,
అరవై దాటినవే అరవై ఒకటి.
పుట్టిన సంవత్సరం కొట్టిన ప్రతిసారీ
కొత్త కంప్యూటర్ ఎర్రగా మిటకరిస్తుంది:
'సరిచూడండి.'
సరిగ్గానే ఉంది తల్లీ, అంటాను.

కాడ్ చేప పట్టొద్దని
ప్రభుత్వం సముద్రానికి తాళమేసిన రోజుల్లో
ఇదే వాకిట్లో తెల్లారకముందే
రెండు వందల మంది నిలబడేవాళ్ళు,
నలభై పనుల కోసం.
ఆ వరసలో బ్రైడీ, ముప్పై ఎనిమిదేళ్ళది, చంకలో పిల్ల.
పని దొరికాక ఒకసారి అడిగింది:
కాళ్ళు లాగేస్తున్నాయి, కూర్చోడానికేమైనా ఇప్పించండి.
"కూర్చునేవాళ్ళకి ఇళ్ళున్నాయిగా"
అన్నాడు అప్పటి మేనేజరు,
కిటికీలోంచి ఆ వరసను చూపిస్తూ.

ఈ ఏప్రిల్లో ఇప్పటి మేనేజరు లియాండర్
బూట్ల మంచు దులుపుకుని
ఆమె గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో కేకు.
"ఈ ఒక్క సీజన్."
కిందటేడూ అదే మాట, అదే కేకు.
"మోకాళ్ళని అడిగి చెబుతాను" అంది.
మర్నాడు ఫోను:
మోకాళ్ళు కుర్చీ అడుగుతున్నాయి.

వారంలో లారీ దిగింది.
నీలం కుర్చీలు నలభై, ఎత్తు పెంచుకునేవి.
ముప్పై మూడేళ్ళ అర్జీకి
ఏడు రోజుల్లో జవాబు.

సంతోషించాలనే ఉంది నాకు.
కానీ పొరుగు రేవు ఫ్యాక్టరీ
గంటకు డాలరున్నర ఎక్కువిస్తానంటోంది.
మా ముసలమ్మల్ని వాళ్ళు, వాళ్ళ ముసలమ్మల్ని మేము:
ఒకే దుప్పటిని ఇద్దరం లాక్కుంటున్నాం,
ఎవరి కాళ్ళూ వెచ్చబడటం లేదు.
బడి మూసేశాక స్కూలు బస్సు ఖాళీ అయింది.
ఆల్ఫాన్సస్ అందులోనే పనివాళ్ళని తెస్తాడు,
ఒక్కో ఇంటి ముందు ఎక్కువసేపు ఆగుతాడు.
మెట్టెక్కడానికి టైము పడుతుంది మరి.
అతని వయసూ నా దగ్గరుంది. చెప్పను.

బ్రైడీ పీత కాలు విరిచి
ఒక్క దులుపుతో కండ దింపుతుంది.
పక్కన జునెల్, ఇలోయిలో కుర్రాడు,
ఆమె మాట సగం అర్థమయ్యీ కాకా
మణికట్టునే చూస్తుంటాడు.
అతని వీసా అక్టోబరు దాకా.
ఆమెకి డాక్టరిచ్చిన గడువూ అంతే.

షిఫ్టు దిగాక నిన్న
జునెల్ కుర్చీలో కూర్చుని గిర్రున తిరిగాడు, చిన్నపిల్లాడిలా.
కింద మర కీచుమంది.
"నూనె వెయ్యరా" అంది బ్రైడీ, చేతి తొడుగులు విప్పుతూ,
"వచ్చే ఏడు కావాలి..."
ఎవరికో చెప్పలేదు.
జునెల్ నూనె డబ్బా వెతకడానికి వెళ్ళాడు.