రెండు మాటలు

పుంటా అరేనాస్‌లో గాలికి సెలవుల్లేవు.
మా బడి మూడో అంతస్తు కిటికీలు
అక్టోబరంతా పళ్ళు పటపటలాడిస్తూనే ఉంటాయి.

శాంతియాగో నుంచి ఫారం వచ్చింది:
సహకార నైపుణ్యం, పదో తరగతి,
నలుగురేసి జట్టు, నలభై నిమిషాలు.
ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారో గీతలు గియ్యాలి,
ఎన్ని ఆలోచనలు చెప్పారో, ఎన్నిటికి తలూపారో.
ఒకటి నుంచి నాలుగు దాకా మార్కు.
సున్నా లేదు. అది దయే అనుకుంటాను.

పెరుగు కప్పులతో గాలివేగం కొలిచే యంత్రం చెయ్యడం పని.
చేతిలో పెన్సిలు, మెడలో స్టాప్‌వాచీ,
కొలిచేవాళ్ళని కొలిచేదాన్ని నేను.

బాల్దొమేరో నలభై ఒకటి.
యాస్నా ఇరవై ఏడు,
అందులో తొమ్మిది బాల్దొమేరో మీద విసుగు.
ఫారం లెక్కలో విసుగూ మాటే.
గాస్పర్ పందొమ్మిది, సగం జోకులు.
రాయెన్ రెండు.

ఒకటి, "ఆగు."
అప్పుడు వేడి జిగురు గన్ను
యాస్నా మోచేతికి బెత్తెడు దూరంలో ఉంది.
రెండోది, "ఇంద."
ఇచ్చింది తన జుట్టుకున్న రబ్బరు బ్యాండు.
ఆ తర్వాత పీరియడంతా
జుట్టు ఆమె కళ్ళల్లో పడుతూనే ఉంది.

వ్యాసం వెయ్యాల్సిన చోట బాల్దొమేరో వ్యాసార్ధం వేశాడు.
ఆమె ఏమీ అనలేదు.
కాగితాన్ని అతనివైపు కాస్త తిప్పి
స్కేలు ఆ లెక్క పక్కన పెట్టింది.
రెండు నిమిషాలకి "అయ్యో, తప్పు నాదే!" అని అరిచాడతను.
నేనో గీత గీశాను,
అతని పేరు కింద.

ఆవరణలో కప్పులు పిచ్చెక్కినట్టు తిరిగాయి.
గంటకి డెబ్బై నాలుగు కిలోమీటర్లు!
ముగ్గురూ గెంతారు.
నాలుగో మనిషి రెండు చేతులా కర్ర పట్టుకునే ఉంది.
వదిలితే ఆ అంకె ఉండదు మరి.

వాదోడుకి ఆరు గడులున్నాయి ఫారంలో.
చేదోడుకి ఒక్కటీ లేదు.
రాయెన్: ఒకటి.
"పంపు" నొక్కేశాను, బస్సు వేళయింది.
పంపాక దిద్దడానికి వీల్లేదట.

సాయంత్రం ప్లాజా మూలన
జనం కొట్టుకుపోకుండా మునిసిపాలిటీ వాళ్ళు తాడు కట్టారు.
పట్టుకుని నడిచాను.
నా ముందు ఎవరో. ఉన్ని టోపీ తప్ప
ఇంకేమీ కనపడలేదు.
ఉన్నంతసేపూ నా చేతిలో తాడు బిగువుగానే ఉంది,
అది తాడు గుణమే అనుకున్నాను.

వాళ్ళు మూల తిరిగారు.
తాడు ఒక్కసారిగా వదులై
నన్ను రోడ్డు మీదికి ఊపింది.