తూకం

రాత్రి పదకొండు దాటాక
చీమకుర్తి కాటా గదిలో
నేనూ, ఒక ట్యూబులైటూ, దాని పురుగులూ.
బయట క్వారీ.
చూసేందుకేం లేదు. లైట్లు అంచు దాకే పోతాయి,
ఆ తర్వాత వెలుగు కూడా లోపలికి దిగుద్ది గానీ
ఎక్కి రాదు.

లారీ వచ్చేటప్పుడు ఖాళీ బరువు రాస్తా,
పోయేటప్పుడు నిండు బరువు రాస్తా.
మధ్యలో తేడా, రాయి.
పందొమ్మిదేళ్లుగా నాకొచ్చిన లెక్క ఒక్కటే, తీసివేత.

రాయి పేరు గెలాక్సీ.
ఎవరు పెట్టారో.
నల్లటి పలక మీద నీళ్లు చల్లితే
బంగారు చుక్కలు లేస్తాయి.
అరచేత్తో రుద్దినా ఒక్కటీ కదలదు.

పోయిన వేసవిలో ఒంగోలు నుంచి
సలోమీ మేడం పిల్లల్ని తీసుకొచ్చారు, రాళ్లు చూపించను.
తిరిగి పోయేటప్పుడు బస్సు టైరు పేలింది.
కరెంటు కూడా అప్పుడే పోయింది.
ఆమె నా గది ముందు నిలబడి
తేలు కొండి పక్కన తెల్లగా అలికినట్టున్న చోటికి చెయ్యెత్తి,
"పాలవెల్లి నడిమధ్యన కూడా ఒక గొయ్యి ఉంది, మాలకొండయ్యా.
నలభై లక్షల సూర్యుళ్ల బరువు" అన్నారు.

ఏ కాటా మీద తూచారు మేడం?

పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు.
"గొయ్యిని ఎవరూ తూచలేరు.
చుట్టూ తిరిగేవాటి పరుగు చూసి చెబుతాం."
ఇంకా చెప్పారు.
గొయ్యి ఎంత పెద్దదైతే
ఎక్కడో దూరాన, అది ఉందని కూడా తెలియని చుక్కలు
అంత జోరుగా తిరుగుతాయట.
ఎందుకో ఇంకా తేలలేదట.
పైగా అది అందిందంతా మింగదట,
పెదవి దగ్గరే నలిపి, కాచి, వడగాడ్పు చేసి ఊస్తుందట.
ఆ గాడ్పు తగిలితే మబ్బు చల్లబడదు.
మబ్బు చల్లబడందే చుక్క పుట్టదు.
కొత్త చుక్క లేని పాలవెల్లి
మెల్లగా ముసలి ఎరుపుకి తిరుగుద్ది.

కరెంటొచ్చింది. బస్సు పోయింది.
ఆ రాత్రి నుంచి నేను గొయ్యిని తూస్తున్నా.

బూదవాడ వైపు మిరపాకు మీద పొడి ఎంత మందం.
ఖాసింబీ తెల్లారి ఆరేసిన చీర
పొద్దుగూకేసరికి ఏ రంగు.
డ్రిల్లరు ఓబులేసు దగ్గు ఎన్ని గోడలు దాటుద్ది.
ఒడిశా కుర్రోళ్లు ఒక్క గదిలో ఎంతమంది,
ఎవరు ఎవరి చాప మీద వంతులేసుకుంటారు.
పొగాకు బేరన్ తలుపుకి ఎన్నేళ్ల తుప్పు.
ఇంకా, కోటిరత్నం.
మూడు మైళ్ల అవతల ఇల్లు. క్వారీ మొహం ఎన్నడూ చూళ్లేదు.
మధ్యాన్నం పేలుడు వినపడితే
ఎసరు వంపి అన్నం వారుస్తుంది.
గడియారం లేదు, అక్కర్లేదు.

ఒకసారి లీజు తగువులో నాలుగు నెలలు ఆగింది.
గొయ్యి నిద్రపోయింది.
మిరపాకు పచ్చబడింది.
ఓబులేసు రాత్రంతా పడుకున్నాడు, వాళ్లావిడ భయపడి లేపింది.
కుర్రోళ్లు రైలెక్కారు.
ఆటోలు ఆగాయి, టీకొట్టు రేకు దించారు, నా జీతం ఆగింది.
కోటిరత్నం అన్నం మూడు రోజులు వరసగా మాడింది.
మంచో చెడో ఏదో ఒకటి తేల్చుకోవాలని చూశా,
ముల్లు నిలబడలేదు.

మేడం మళ్లీ వస్తే ఒకటి అడగాలి.
మన నడిమి గొయ్యి ఇప్పుడు కునుకులో ఉందన్నారే,
మనమంతా దాని లాకౌట్ రోజుల్లో
పచ్చబడిన ఆకులమా?

తెల్లవారుజామున లారీలు లేని సందులో
నేనే కాటా మీదికెక్కా.
పది కిలోల లోపు తేడా అది పట్టించుకోదు.
అద్దంలోంచి గదిలోకి తొంగి చూస్తే, డెబ్బై.
ఖాళీ బరువు తీసేద్దామని పుస్తకం తిరగేశా.
నేను వచ్చినప్పటి పేజీ లేదు,
ఎవరో పొట్లం కట్టుకున్నట్టున్నారు.

"దిగన్నా, కృష్ణపట్నం చేరాల!"
హారను కొడుతున్నాడు డ్రైవరు.
వెనక పట్టా కింద
ఇరవై ఎనిమిది టన్నుల నాలుగొందల రాయి.
ఇంకా కొయ్యలేదు.
లోపల చుక్కలుండాయో లేదో
తూకానికి తెలీదు.