కంటి బండి

వేలంలో ఎవరూ చెయ్యెత్తలేదు.
పద్నాలుగేళ్లు కొండ ఊళ్లకి కళ్లజోళ్లు మోసిన వ్యాను
పర్లాకిమిడి ఆస్పత్రి వెనక
పనసచెట్టు కింద టైర్లు కుంగి కూర్చుంది.
నేనూ ఆ నెలలోనే రిటైరయ్యాను.
మా ఇద్దరి లెక్కా ఒకే గుమాస్తా తేల్చాడు
ఒకే పెన్నుతో.

వడ్రంగి గదాధర మహారణా టేపు పట్టుకుని వచ్చి
"అమ్మా, మీ పొడుగెంత?" అన్నాడు.
మంచం కోసం నన్నెవరూ కొలవలేదు ఇదివరకు.
చుక్కల మందుల అరలో చింతపండు, మెంతులు,
డాక్టరు బల్ల విప్పితే పడక.
ఒక్కటి మాత్రం పీకనివ్వలేదు,
వెనక తలుపుకి వేలాడే అక్షరాల అట్ట.
ఎడమ తెలుగు, కుడి ఒడియా,
పైనుంచి కిందికి చిక్కిపోతూ.
పొద్దున్నే పళ్లు తోముకుంటూ నన్ను నేనే పరీక్షించుకుంటాను.
ఆరో వరసలో ఠ ఉంది.
దాని కడుపులో చుక్క ఈమధ్య కనబడ్డం లేదు.

నిజానికి ఈ పిచ్చి నాది కాదు.
గుణుపురం దగ్గర వంశధార ఇసకలో
ఓ పొడుగాటి వ్యాను దిగబడింది, రెండేళ్ల కిందట.
ట్రాక్టరు వచ్చేదాకా వాళ్లింట్లో కూర్చున్నాను,
అవును, ఇల్లే. కిటికీకి లేసు, గోడకి చాకులు,
చెప్పులు బయట విప్పాలి.
మతేయా అనే ఆవిడ ఎండుపూల నీళ్లు కాచి ఇచ్చింది.
వాళ్ల స్లొవేనియాలో కొండ మీద ఆపి పడుకుంటే
తెల్లారి కూసేది పక్కదేశం కోడిట.
వంతెన దాటితే రొట్టె పేరు మారుతుందిట.
కాపలా గదుల్లో ఇప్పుడు పావురాలేనట.

మాకూ అంతే, అన్నాను.
పాతపట్నం మలుపులో నా ఫోను
పది నిమిషాల్లో మూడుసార్లు స్వాగతం చెబుతుంది.
ఆ పక్క బొరుగులు, ఈ పక్క ముఢి.
నమిలితే ఒకటే చప్పుడు.

ఇప్పుడు నాకు ఇంటి నంబరు లేదు, బండి నంబరుంది.
రెండూ ఒకటి కాదన్నాడు గ్యాసువాడు.
"చక్రాల మీద కాపరమేటొదినా" అంది ఆడపడుచు,
అంటూనే పరుపు నొక్కి చూసింది.
వానొస్తే పైకప్పు మీద ఎవరో పప్పులు వేయిస్తున్నట్టుంటుంది,
నిద్ర పట్టదు.
కాశీనగర్లో కానిస్టేబులు లాఠీతో అద్దం కొట్టి
నా సంగతంతా విని, చివరికి
తన జోడు నంబరు చూడమన్నాడు.

మొన్న రాయగడ దారిలో
సంత ముగిసిన మైదానంలో ఆపాను.
వంకాయలు వేగుతున్నాయి.
తలుపు తట్టింది ఓ సవర ముసలమ్మ.
తెల్లరంగు మీద నేను పచ్చరంగు వేయించినా
బండి ఆకారాన్ని ఆ కళ్లే పోల్చుకున్నాయి.
నేను డాక్టర్ని కాను,
నేనూ రిటైరు, ఇదీ రిటైరు, ఇది వంటిల్లు.
ఆమె భాషలోకి ఇవేవీ వెళ్లలేదు.
స్టవ్వు ఆర్పాను.

చదువు రానివాళ్ల కోసం అట్టకి రెండో వైపుంది,
మూడు పళ్ల దువ్వెన ఒకటి
ఓసారి పైకి, ఓసారి కిందికి, ఇటు, అటు తిరిగి ఉంటుంది.
పళ్లు ఎటో చేత్తో చూపాలి.
ఆమె చెయ్యి చాపి చెబుతూ పోయింది:
కొండ వైపు. ఏటి వైపు. మళ్లీ కొండ.
మా పెద్దదాని ఊరి వైపు.
నాలుగో వరస దగ్గర చాలాసేపు చూసి
"అక్కడ పొగ" అంది.
వంకాయలవేమో అనుకున్నాను ముందు.
టార్చి వేస్తే ఎడమ కంట్లో పాలచుక్క,
ముదిరిన శుక్లం.

పొద్దున్న కోరాపుట్ వెళ్లాలి నేను.
కాఫీ తోటలు చూడాలని నెలనుంచీ అనుకుంటున్నాను.

బండి తిప్పాను.
ముందు సీట్లో మడమలు పైకి పెట్టుకుని
ఒళ్లో రాత్రి మిగిలిన అన్నం మూటతో
పర్లాకిమిడి ఎప్పుడూ చూడని మనిషి
ప్రతి మలుపు దగ్గరా చెయ్యి చాపి
దారి చూపిస్తోంది.
ఒక్కసారే తప్పు చెప్పింది.