ముదురు బీరకాయ

ఎర్రనీళ్ళు తీసి ఇవాళ్టికి పందొమ్మిది రోజులు.
లంక చుట్టూ రెల్లు పూసింది,
ఎవరో రాత్రికి రాత్రి సున్నం కొట్టి పోయినట్టు.
పొద్దున్నే గట్టు మీద గడ్డిలో నడిస్తే
చీర అంచు మోకాలిదాకా తడి.
వరద మాత్రం సంతకం పెట్టి మరీ వెళ్ళింది,
పాక గోడ మీద, సరిగ్గా నా నడుం ఎత్తున.

నలభై రెండు సంచులు.
ఉగాది వెళ్ళిన వారంలోనే
అమలాపురంలో నలభై రెండు ఇళ్ళవాళ్ళు
ఏడాది కూరలకి ముందే డబ్బు కట్టారు.
కాసినా మనదే, కాయకపోయినా మనదే
అని ఆ రోజు చెప్పింది నేనే.
గట్టిగా చెప్పాను.
ఎండాకాలంలో ఏ మాటైనా గట్టిగానే వస్తుంది.

ఇప్పుడు తక్కెడ ముందు కూచుని
పదమూడు ఆనపకాయల్ని నలభై రెండుతో భాగిస్తున్నాను.
పాక మీదకి ఎగబాకినందుకు బతికిపోయిన పాదు అది.
పళ్ళాలరావు కత్తి పట్టుకొచ్చాడు,
ముక్కలు కొయ్యమంటావా అక్కా అని.
వద్దురా. పసిపిల్లలున్న ఇళ్ళకి కాయ,
మిగతా ఇళ్ళకి ఆకు.
నీళ్ళు తీసిన మర్నాడు చల్లిన తోటకూర
వండ్రు తాగి అప్పుడే ఒళ్ళు చేసింది.
గట్టు మీది గోంగూరకి అసలు వరదొచ్చిన సంగతే తెలీదు.

పొట్ల పందిరి పోయింది.
కాయలకి కట్టిన రాళ్ళు మాత్రం దొరికాయి
పురికొసలతో సహా, బురదలో వరసగా,
ఇంకా దేన్నో వంకర పోకుండా చూస్తున్నట్టు.

విత్తనాల కుండ కూడా పోయింది.
అటకెక్కిద్దాం అటకెక్కిద్దాం అనుకుంటూ
మంచం కిందే ఉంచేశాను.
అది గోదారి తప్పు కాదు.
పుస్తకంలో ఇంకా రాయలేదు.

నూకరత్నంగారు ఫోన్ చేశారు.
"మూడో వారం కూడా గోంగూరేనా అండీ?"
"ఆయ్. మూడో వారం కూడానండి."
అవతల కాసేపు కుక్కర్ కూతే వినిపించింది.

నిరుడు ఇదే నెలలో
ముదిరిపోయిన బీరకాయ వెళ్ళిందని
ఖాళీ సంచిలో చీటీ పెట్టి పంపింది ఈవిడే:
"ఇది కూరకి కాదు, వీపు రుద్దుకోడానికి."
పాకలో అందరం చదువుకుని నవ్వుకున్నాం.
మర్నాడు లేత కాయలు రెండు పంపాం లెండి.

ఆదివారం నావ దిగినవాళ్ళు పదకొండు మంది.
చెప్పులు చేత్తో పట్టుకుని
వండ్రులో మొదటి అడుగు వెయ్యడానికి
ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
మందుల షాపు సుభానీ వెదురు పాతుతుంటే
వెదురే సుభానీని పాతేస్తోంది.
పళ్ళాలరావు ఏమీ అనడు.
వెనకాలే వెళ్ళి మళ్ళీ పాతుకుంటూ వస్తున్నాడు.

నూకరత్నంగారు ఒక్క పనీ ముట్టుకోలేదు.
మోకాళ్ళట.
గట్టు మీద పొడి చోటు చూసుకుని కూచున్నారు,
అందరికీ పని చెబుతూ.

అన్నాలయ్యాక
కొంగు ముడి విప్పి
పాత కరెంటు బిల్లు పొట్లం ఒకటి తీశారు.
గుప్పెడు గింజలు. నల్లగా, పల్చగా, గరుగ్గా.
"మీ కాయేనండి.
పీచు ఏడాదంతా వాడాను.
గింజలు పారెయ్యబుద్ధి కాలా."

లెక్కపెట్టాను. లెక్కలదాన్ని కదా.
నూట ఏడు. అందులో నాలుగు తాలు.
ఏ పద్దు కింద రాయాలో తోచలేదు.
చెల్లింపా? తిరిగొచ్చిన సరుకా?
చీటీ కింకా జవాబివ్వలేదని గుర్తొచ్చింది.

కొత్త పందిరి కింద గుంటకి రెండు చొప్పున
వేలితో నొక్కుతూ వెళ్ళాను.
వండ్రు చల్లగా, అడక్కుండానే
లోపలికి దారి ఇచ్చేస్తోంది.

"లోతెక్కువైంది!" గట్టు మీంచి కేక.

నిజమే, ఎక్కువైంది.
తీసి, కొంచెం పైకి పెట్టాను.