నల్లా వచ్చే యాళ్ల

భోలక్‌పూర్ల మా గల్లీకి నీళ్లు రోజు తప్పించి రోజు,
అదీ రాత్రి రెండు దాటినంకనే.
ముందు నల్లా దగ్గుతది,
గాలి ఊస్తది, తుప్పు ఊస్తది,
ఆఖరికి సన్నగ ఒక ధార.
గల్లీ మొత్తం నిద్రకండ్లతోని బిందెలు పట్టుకొని లేస్తది.

నేను ముందే లేచి ఉంట.
అసలు పండుకున్నదెప్పుడని?
పదకొండింటికి ఒకసారి, పన్నెండున్నరకు ఒకసారి,
ఒకటీ యాభైకి మల్ల.
గడియారం చూడకు అన్నది డిపోల అనసూయక్క,
చూస్తే లెక్క గుర్తుంటది, లెక్క గుర్తుంటే ఏడుపొస్తదని.
కండక్టర్‌ను. లెక్క చూడకుండ ఎట్లుంట?

లాస్యకు ఐదు నెలల పది రోజులు.
సెలవు అయిపోయి నేను డ్యూటీ ఎక్కి పందొమ్మిది రోజులు.

పొద్దున పాలు పిండి స్టీలు డబ్బాల పోసి
పై పోర్షన్ ఖదీజా ఆపా చేతిల పెట్టి పోత.
సాయంత్రం వచ్చి చూస్తే డబ్బా డబ్బా లెక్కనే ఉంటది.
పీక పెడితే నాలుకతోని నెట్టేస్తదట.
చెంచాతోని పోస్తే చెంపల మీదికి వొంపుకుంటదట.
మా అత్త పంపిన వెండి ఉగ్గుగిన్నె,
నా మొగుడు తాగి పెరిగిన ఉగ్గుగిన్నె,
దాన్నైతే కాలితోని తన్నింది. కిందవడి మూతి సొట్టపోయింది.
"నీ చున్నీ కప్పుకొని తాపిన బేటీ,
చున్నీ వాసన చూసింది, నా మొకం చూసింది,
మోసం చేస్తున్నవా అన్నట్టు చూసింది" అన్నది ఆపా.

నా ఒంటికి మాత్రం మోసం తెల్వది.
మొన్న చిక్కడపల్లి కాడ బస్సుల ఎవరి పిల్లనో కేరుమన్నది,
నా పాలు ఉరికొచ్చినయి.
ఖాకీ కోటు మీద రెండు రూపాయి బిళ్లలంత తడి.
టికెట్ల మిషన్ ఎదకు అడ్డం పెట్టుకొని
ముందుకు జరుగుర్రి, ముందుకు జరుగుర్రి అని
అందరి మీద అరిచిన.
ఆడోళ్లకు జీరో టికెట్లు కొట్టుకుంట కొట్టుకుంట
ఆ తల్లి సీటు కాడికి వచ్చిన.
ఆమె నా కోటు దిక్కు చూసి, కొంగు సదురుకుంట
"ఎన్ని నెలలు మీకు?" అన్నది.
పిల్లకు అనలేదు. మీకు అన్నది.
పందొమ్మిది రోజులు అన్న.

డాక్టరమ్మ కాంటా మీద పండవెట్టి
ఆరు కిలోల మూడొందలు అన్నది.
పగలు తాగనిది రాత్రి తాగుతున్నది, కొందరు పిల్లలింతే,
బరువు పెరుగుతున్నది, భయం లేదు.
మరి నేను? అని అడుగుదామనుకున్న.
టోకెన్ ముప్పై ఎనిమిది అప్పటికే తలుపు తోసింది.

శ్రీశైలం మంచోడే. నడిరాత్రి లేస్తడు,
భుజం మీద ఏసుకొని వాకిట్ల తిరుగుతడు,
నోటితోని ఆటో ఇంజన్ లెక్క చప్పుడు చేస్తడు.
ఆయన బనీను మీద రెండు నిమిషాలు వెతికి
ఇల్లు తప్పినదాని లెక్క ఏడుస్తది.
తెచ్చి నా పక్కల ఏసి
తానే తప్పు చేసినట్టు నిలబడతడు.

ఇందాక కసిరిన దాన్ని. అబద్ధమెందుకు.
"పొద్దంత ఏం చేసినవే? పొద్దంత ఏం మాయరోగమే?" అన్న.
తాగుడు ఆపి నన్ను చూసింది.
పాలు పెదవి చివర నిలిచినయి.
నవ్వింది, ఒక్క పన్ను లేని నవ్వు.
మల్ల పనిల పడ్డది.

బయట నల్లా దగ్గింది.
శ్రీశైలం బిందె పట్టుకొని ఉరికిండు.
డ్రమ్ము జరిపిన చప్పుడు, బకెట్ల చప్పుడు,
ఎవరో మోటరు పెట్టిండ్రని లొల్లి.
నీళ్లు పగలెందుకు రావు అని ఒక్కరు గూడ అడుగుతలేరు.
వచ్చినప్పుడు పట్టుకోవాలె, అంతే.
బిందె, గిన్నె, చెంబు, ఆఖరికి చాయ్ గ్లాసు గూడ.

నా రవిక అంచు పిడికిట్ల పట్టుకొని
గుటకలేస్తున్నది నా పిల్ల.
ఈ గల్లీల పుట్టింది గదా,
దానికెవరు చెప్పాలె?

"ఇంకో బిందె అందియ్యి" కేకేస్తున్నడు శ్రీశైలం.
ఆగు,
ఇక్కడ ఇంకా నిండలె.