రాతిపొడి

సోమవారం సోషల్ పరీక్షట.
మా సింధూజ నోట్‌బుక్ మోకాళ్ల మీదేసుకొని
నేను సగం చెక్కిన రోలు మీద కూసుంది.
"బాపూ, నిర్వాణమంటే ఏంది?
మూడు లైన్లల్ల రాయాలె."

నేను మూడో తరగతి దాకనే పోయిన.
కల్వకుర్తి రోడ్డు పొంటి పదిహేడేండ్ల సంది
అడిగినోళ్లకు అడిగినట్టు చెక్కుడే నా సదువు.

సుత్తె కింద వెట్టిన.

మొన్న వెల్దండ పిలగాండ్లు బుద్ధుని చెయ్యమన్నరు గద,
కండ్లు సగం మూసుండాలన్నరు.
ఆ రెప్పలకే మూడు దినాలు వట్టింది.
నాలుగో దినం, ఇంకొక్క దెబ్బ అని ఉలి ఎత్తి
కొట్టలే.
ఆ కొట్టకపోవుడే అయ్యుంటది బిడ్డా. రాసుకో.

పెన్ను కొరుక్కుంట రాసింది. "మరి తౌహీద్?"

ఖాసీం సాబ్ తమ్ముని సమాధికి
అక్షరాలు కాయితం మీద రాసిస్తే
కుడి నుంచి ఎడమకు, అర్థం తెల్వకుండనే చెక్కిన.
అలిఫ్ ఒక్కటే సులువు, నిలువు గీత.
పక్కన ఏదన్న బొమ్మ వెట్టనా సాబ్ అన్న.
"పోలిక లేనోన్ని దేనితోని పోలుస్తవ్ రా?" అన్నడు.
ఆ పొద్దు నా ఉలి ఎటు జూడాల్నో తెల్వక
రాయి మీద పండుకుంది.

"కృప?"

నేను అక్షరానికింత అని పైసలు తీసుకుంట, నీకెర్కనే.
రూతమ్మ కొడుకు వచ్చి
'ప్రభువునందు నిద్రించెను' అని చెక్కమన్నడు.
'మరణించెను' అంటే అయిదక్షరాలు, ఇది తొమ్మిది,
పైసలెందుకు దండుగ అన్న.
"నిద్రపోయినోళ్లు లేస్తరు గదనే" అన్నడు.
ఆ నాలుగక్షరాలకు నేను పైసలడగలే.
ఎందుకడగలేదో ఇప్పటికీ లెక్క దొరుకది.

"అహింస నాకొచ్చులే బాపూ, కొట్టొద్దు అనుడు."

అంతేనా?
జడ్చర్ల సేటు మెట్టుబండ చెయ్యమని వచ్చి
మొదటి దెబ్బకు ముందు మెత్తటి చీపురుతోని ఊడ్వమన్నడు.
చీమలుంటయట.
ఉండె. ఏడు.
పదిహేడేండ్ల రాళ్లల్ల ఇంకెన్ని ఉండెనో.

బొడ్రాయి గురించి అడుగలేదేందే?
పేజీలు తిప్పి తిప్పి చూసింది. "లేదు బాపూ."
ఊరికి బొడ్డుంటదని ఎవలూ రాయలేదా?
పోయినేడు మాడ్గుల దిక్కు పల్లెకు నేనే చేసిస్తి.
నిలబెట్టిన్నాడు పొలిమెర కట్టేసిండ్రు,
లోపటోళ్లు పోవద్దు, బైటోళ్లు రావద్దు.
పెండ్లయి పోయిన ఆడిబిడ్డలందరు ముందే వచ్చి
బిందెలు బిందెలు నీళ్లు పోసిండ్రు.
చెక్కినోన్ని నేను
పొలిమెర అవుతల చాయ్ డబ్బా కాడ కూసోని
డప్పులు విన్న.

ఇంకొకామె. మన్ననూరు దాటినంక అడివిల ఉంటది,
చెంచు ఈదమ్మ. ఇసురాయి కోసం వచ్చి
నా దేవుండ్లందర్నీ ఒకసారి కలెజూసి నవ్వింది.
"మా మైసమ్మకు ఉలి తాకలే నాయినా,
వాన ఎట్ల చేస్తే అట్ల ఉన్నది.
తేనె తీస్తే మొదటి చుక్క ఆమెది,
ఆఖరి తెట్టె ఈగలది."
ఇసురాయి బేరమాడలే. నెత్తికెత్తుకొని పోయింది.

"ఇది పరీక్షల రాదు బాపూ."
రాకుంటేంది.

చెప్పనిదొకటి ఉన్నది.
పాలమూరు పెద్ద దవాఖానల డాక్టరు
నా రొమ్ము ఫొటో వెలుగుకు వట్టి
తెల్ల తెల్లటి చుక్కలు చూపిచ్చిండు.
ఏం పని చేస్తవ్ అన్నడు.
దేవుండ్లు, సమాధులు, రోళ్లు అన్న.
ఏ చుక్క బుద్ధుని రెప్పదో
ఏది అలిఫ్ గీతదో
ఏది పండుకున్న రూతమ్మదో
ఆయనకూ తెల్వలే, నాకూ తెల్వలే.
మూతికి గుడ్డ కట్టుకో అన్నడు.

"ఆఖరిది బాపూ. ఆత్మ అంటే?"

దగ్గొచ్చింది. చానసేపు వచ్చింది.
లేచి చెంబుల నీళ్లు తెచ్చింది,
వీపు మీద చెయ్యేసి నిలవడ్డది.
నోట్‌బుక్ మీద వడ్డ తెల్లపొడి
ఉఫ్ అని ఊదింది.

"ఏం రాయాలె బాపూ?"

రాయి, అన్న.
రాయమన్ననో, రాయినే అన్ననో
మాటల ఏం తేడా ఉంటది.
పెన్ను మూత తీసింది.